సమాన భారం సరే, కాదనే హక్కు ఎక్కడ?

(ఆదివాసీ యువజన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం విని మీలో కొందరు నవ్వారు. "నిర్బంధ సైనిక సేవలో మహిళలను చేర్చాలా వద్దా?" మన దేశంలో అసలు నిర్బంధ సైనిక సేవే లేదు కదా, పోడు పట్టాలు, పోలవరం నిర్వాసితులు, ఐటీడీఏ ఖాళీ పోస్టులు వదిలేసి ఇదేందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ అంశంలో దాగున్న అసలు ప్రశ్న మనకు కొత్తది కాదు. సర్కారు ఒక మనిషిని పిలిచి "నీ ఒళ్లు నాకు కావాలి, ఇష్టమున్నా లేకున్నా రా" అనొచ్చా? అంటే ఎవరిని అనొచ్చు? ఈ ప్రశ్నకు మన తాతముత్తాతలు తమ ఒంటితోనే జవాబు చెప్పారు. అందుకే ఈ విషయం మనం మాట్లాడాలి.

ముందు ప్రపంచంలో ఏం జరుగుతుందో చూద్దాం.

నిర్బంధ సైనిక సేవ అంటే ఒక వయసు రాగానే చట్టప్రకారం సైన్యంలోకి పోవాల్సిందే. పోకపోతే శిక్ష. చాలా దేశాల్లో ఈ చట్టం మగవాళ్లకే ఉండేది. ఇప్పుడు మారుతోంది. నార్వే 2013లో మహిళలకూ వర్తింపజేయాలని నిర్ణయించి, చట్టం చేసి, 2016 నుంచి అమ్మాయిలను కూడా పిలుస్తోంది. స్వీడన్ 2010లో ఆపేసిన నిర్బంధ సేవను 2018లో మళ్లీ మొదలుపెడుతూ ఆడ మగ తేడా తీసేసింది. డెన్మార్క్ 2025 జూలై 1 నుంచి పద్దెనిమిదేళ్లు నిండే అమ్మాయిలను కూడా లాటరీలోకి తెచ్చింది. ఇజ్రాయెల్‌లో అయితే 1949 చట్టం నుంచే యూదు యువతులు సైన్యంలోకి పోవాలి. పెళ్లయినవాళ్లకు, తల్లులకు, మత కారణం చెప్పినవాళ్లకు మినహాయింపు ఉంది.

అమెరికాలో మాత్రం ఈ రోజుకీ మగపిల్లలే పేరు నమోదు చేసుకోవాలి. ఇది వివక్ష కాదా అని కొందరు కోర్టుకు పోతే 1981లో వాళ్ల సుప్రీం కోర్టు కాదంది. అప్పుడు చెప్పిన కారణం ఏందంటే, డ్రాఫ్టు ఉన్నది యుద్ధంలో పోరాడే సైనికుల కోసం, మహిళలకు పోరాడే పనులు నిషేధం, కాబట్టి వాళ్లను పిలవక్కర్లేదని. అంటే ముందు తలుపు మూసింది మీరే. తర్వాత "మీరు లోపల లేరు కదా" అన్నదీ మీరే. 2016 నాటికి అమెరికా సైన్యంలో పోరాట పనులన్నీ మహిళలకు తెరిచారు. ఆ తీర్పు నిలబడిన పునాది పోయింది. 2020లో వాళ్ల పార్లమెంటు వేసిన కమిషన్ కూడా మహిళలను చేర్చమని చెప్పింది. చట్టం మాత్రం అలాగే ఉంది.

ఇక వాదన సంగతి. చేర్చాలనేవాళ్లు చెప్పేది ఇది. పౌరులందరూ సమానమైతే భారం కూడా సమానం కావాలి. "నువ్వు ఆడదానివి, ఇంట్లో ఉండు, నిన్ను మేం కాపాడతాం" అనడంలో గౌరవం లేదు. కాపాడేవాడు యజమాని అవుతాడు, కాపాడబడేది సొత్తు అవుతుంది. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తా.

ఎందుకంటే ఆడవాళ్లకు ధైర్యం లేదు, బలం లేదు అనే మాట మన ముందు నిలబడదు. మేడారం పోయి ఎవరికి మొక్కుతున్నాం? కప్పం కట్టమన్న కాకతీయ రాజు సైన్యంతో తలపడిన సమ్మక్కకు, సారలమ్మకు. ఆ తల్లులను ఎవరూ ఇంట్లో దాచలేదు. జార్ఖండ్ పోతే ఉరావ్ వాళ్లు రోహతాస్‌గఢ్ కోటను కాపాడిన సినగీ దాయి, కైలీ దాయి కథ చెప్తారు. ఆ గుర్తుగా పన్నెండేళ్లకోసారి ఆడవాళ్లు మగ వేషం కట్టి వేటకు పోతారు, దాన్ని జనీ శికార్ అంటారు. అమెరికాలో హోపీ తెగ ఆడబిడ్డ లోరీ పియెస్టెవా 2003 మార్చిలో ఇరాక్‌లో చనిపోయింది. ఆమెకు 23 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. అమెరికా సైన్యంలో ఉండి యుద్ధంలో ప్రాణం ఇచ్చిన మొదటి ఆదివాసీ మహిళ ఆమెనే. ఆరిజోనాలో ఒక కొండకు అప్పటిదాకా ఆదివాసీ స్త్రీలను కించపరిచే పేరు ఉండేది. ఆ పేరు తీసేసి ఆమె పేరు పెట్టారు. ఒక తిట్టు పోయి ఒక బిడ్డ పేరు రావడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

కాబట్టి మన ఊళ్లలో పెద్దలు ఎవరైనా "ఆడపిల్లకు తుపాకీ ఎందుకమ్మా" అంటే, చేతగాదు అనే అర్థంలో అంటే, వాళ్ల మాట తప్పు. ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్తున్నా. మన గూడేల్లో పొద్దున నాలుగింటికి లేచి కానిస్టేబుల్ సెలక్షన్‌కు, అగ్నివీర్‌కు పరుగు ప్రాక్టీసు చేస్తున్న చెల్లెళ్లు ఉన్నారు. వాళ్లను తక్కువ చేసే మాట నా నోట రాదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు సైన్యంలోని మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంది. 2022లో ఎన్డీఏలో మొదటి అమ్మాయిల బ్యాచ్ చేరింది. ఆ తలుపులు కొట్టి తెరిపించిన వాళ్లకు దండం. కానీ తలుపు తెరవడం వేరు, మెడ పట్టి లోపలికి తోయడం వేరు. ఈ రెండింటికీ "సమానత్వం" అని ఒకే పేరు పెడితే మాత్రం మనం మోసపోతాం.

సమాన భారం మోస్తే సమాన హక్కు వస్తుందా? చరిత్ర ఏం చెప్తుందో వినండి.

అమెరికాలో 1940లో డ్రాఫ్టు చట్టం వచ్చింది. ఆదివాసులకూ వర్తించింది. ఇరక్వోయి వాళ్లు "మాది వేరే జాతి, మీతో ఒప్పందాలున్నాయి, మమ్మల్ని పిలిచే అధికారం మీకు లేదు" అని కోర్టుకు పోయారు. 1941లో కోర్టు కుదరదంది. మరి ఆ రోజున ఆరిజోనాలో, న్యూ మెక్సికోలో ఆదివాసులకు ఓటు ఉందా? లేదు. ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చిన మనిషి ఓటు వేయడానికి పనికిరాలేదు. యుద్ధంలో మెరైన్‌గా పనిచేసి తిరిగొచ్చిన మిగుయెల్ ట్రుహియో అనే ఇస్లెటా ప్యూబ్లో ఆదివాసీ టీచరు ఓటు నమోదుకు పోతే వెనక్కి పంపారు. ఆయన కేసు వేసి గెలిచాకే, 1948లో, న్యూ మెక్సికోలో మనలాంటివాళ్లకు ఓటు వచ్చింది. యూనిఫాం వేసుకున్నందుకు రాలేదు, కొట్లాడి కోర్టుకు పోయినందుకు వచ్చింది.

ఇజ్రాయెల్‌లో డ్రూజ్ అనే చిన్న సమాజం ఉంది. వాళ్ల మగపిల్లలు 1956 నుంచి నిర్బంధంగా సైన్యంలోకి పోతున్నారు. 2018లో అక్కడి పార్లమెంటు ఆ దేశం యూదు జాతి రాజ్యం అని చట్టం చేసింది. అరవై ఏళ్లకు పైగా కొడుకులను ఇచ్చిన డ్రూజ్ సమాజం అప్పుడు రోడ్డెక్కి అడిగింది: మరి మేమెవరం?

ఆడవాళ్లను సమానంగా పిలిచిన దేశాల్లో మీరు తప్పక తెలుసుకోవాల్సింది ఎరిట్రియా. స్వాతంత్ర్యం కోసం ముప్పై ఏళ్లు పోరాడిన దేశం. ఆ పోరాటంలో దాదాపు మూడో వంతు మంది ఆడవాళ్లే. స్వాతంత్ర్యం వచ్చాక 1995లో చట్టం చేశారు. ఆడ మగ తేడా లేదు, అందరికీ 18 నెలల జాతీయ సేవ. కాగితం మీద చూస్తే అంతకన్నా సమానత్వం ఎక్కడుంది? 1998లో ఇథియోపియాతో యుద్ధం వచ్చింది. ఆ తర్వాత 18 నెలలకు హద్దు లేకుండా పోయింది. ఏళ్లకు ఏళ్లు, కొందరికి సగం జీవితం. పిల్లలు చివరి ఏడాది బడి చదువుకు సావా అనే సైనిక శిబిరానికి పోవాలి. 2016లో ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ దీన్ని బానిసత్వం అని, మానవాళిపై నేరం అని చెప్పింది. శిబిరాల్లో అమ్మాయిలపై అధికారుల లైంగిక హింసను నమోదు చేసింది. దాన్ని తప్పించుకోవడానికి ఆడపిల్లలు చిన్న వయసులోనే పెళ్లి చేసుకుంటున్నారు, బిడ్డను కంటున్నారు. ఇంకొందరు సరిహద్దు దాటి పారిపోతున్నారు. స్వేచ్ఛ కోసం తుపాకీ పట్టిన తల్లుల కూతుళ్లు, ఆ తుపాకీ నుంచి తప్పించుకోవడానికి చదువు మానేసి పసుపుతాడు లాంటి తాడు మెడకేసుకుంటున్నారు.

నార్వేలోనూ సమాన చట్టమే, ఎరిట్రియాలోనూ సమాన చట్టమే. తేడా ఎక్కడుంది? నార్వేలో ఏటా ఆ వయసుకు వచ్చే పిల్లల్లో చిన్న భాగాన్నే తీసుకుంటారు, ఎవరికి ఆసక్తి ఉందో అడుగుతారు. మనస్సాక్షి ఒప్పుకోకపోతే చెప్పుకునే దారి ఉంది. సేవకు గడువు ఉంది. పిలిచే ప్రభుత్వాన్ని ఓటుతో దింపొచ్చు. ఎరిట్రియాలో ఇవేవీ లేవు, స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచి జాతీయ ఎన్నికలే లేవు. అంటే సమానత్వం ఎంతమందిని పిలిచారనే దాంట్లో లేదు, పిలిచినప్పుడు "కాదు" అనగలిగిన వాళ్లెంతమంది అనే దాంట్లో ఉంది. నేను ఈ రోజు చెప్పదలుచుకున్న మాట ఇదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన రాజ్యాంగం 23వ అధికరణం మీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లందరికీ తెలుసు. మనుషుల అక్రమ రవాణా, వెట్టి, బలవంతపు చాకిరీ నిషేధం. మార్కు కోసం మనం అక్కడిదాకా బట్టీ పడతాం. దాని కింద రెండో క్లాజు ఉంది, అది చదవండి. ప్రజా ప్రయోజనాల కోసం రాజ్యం నిర్బంధ సేవ విధించవచ్చు, విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం కారణంగా మాత్రమే వివక్ష చూపకూడదు అని ఉంది. ఆ నాలుగు మాటల్లో లింగం లేదు. 15వ అధికరణంలో ఉన్న ఆ మాట ఇక్కడ లేదు. అంటే రేపు ఎప్పుడైనా ఈ దేశంలో నిర్బంధ సేవ చట్టం వస్తే, ఆడవాళ్లను కలపాలా వద్దా అనే వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. 1976లో చేర్చిన 51ఏ అధికరణం చూస్తే, పిలుపు వచ్చినప్పుడు దేశ రక్షణకు, జాతీయ సేవకు ముందుకు రావడం ప్రతి పౌరుడి బాధ్యత అని ఉంది. అక్కడ ఆడ మగ తేడా లేదు. దారి రెండువైపులా తెరిచే ఉంది. అందుకే ఇది మనకు సంబంధం లేని చర్చ కాదు.

వెట్టి అనే మాట మీద ఒక్క నిమిషం ఆగుదాం. వెట్టి మనకు పుస్తకంలో మాట కాదు. 1922లో మన్యం ఎందుకు లేచింది? చింతపల్లి వైపు రోడ్డు పనికి బాస్టియన్ అనే అధికారి మనోళ్లను బలవంతంగా తోలి, కూలి కూడా సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి వెనక మనోళ్లు నడవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. దానికి అయిదేళ్ల ముందు, మొదటి ప్రపంచ యుద్ధం కోసం ఫ్రాన్సుకు కూలీల దళాలను పంపాలని బ్రిటిష్ వాళ్లు ఆదివాసీ ప్రాంతాల మీద పడ్డారు. 1917లో మణిపుర్ కొండల్లో కుకీ పెద్దలు మా పిల్లల్ని పంపమన్నారు, 1919 దాకా పోరాడారు. అదే 1917లో మయూర్‌భంజ్‌లో సంతాలులు కూడా ఆ భర్తీ మీద తిరగబడ్డారు. యుద్ధానికి మనిషిని బలవంతంగా తీసుకుపోవడాన్ని ఈ నేల మీద ముందుగా ఎదిరించిన వాళ్లలో ఆదివాసులు ఉన్నారు. వాళ్లు పిరికివాళ్లు కాదు. మాది కాని యుద్ధానికి మా మనిషిని మమ్మల్ని అడగకుండా తీసుకుపోవద్దన్నారు, అంతే.

చట్టం లేకపోయినా నిర్బంధ భర్తీ జరుగుతుందని మనకు బస్తర్ చూపించింది. 2005లో సల్వా జుడుం మొదలైంది. నెలకు మూడు వేల రూపాయల గౌరవ వేతనానికి, అయిదో తరగతి చదువుతో, రెండు నెలల శిక్షణతో వేలమంది ఆదివాసీ యువతను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను చేశారు. వాళ్లలో ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఊరు కాలిపోయి శిబిరంలో ఉన్న పిల్లకు తుపాకీ చూపించి "ఇష్టమేనా" అని అడిగితే అది ఇష్టం అవుతుందా? 2011 జూలై 5న సుప్రీం కోర్టు, మన తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ధర్మాసనం, ఇది రాజ్యాంగ విరుద్ధం అంది. చదువు అందని పేద ఆదివాసీ పిల్లలను ఇలా వాడడం సమానత్వ హక్కుకు, జీవించే హక్కుకు విరుద్ధం అంది. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం కొత్త చట్టం చేసి అదే పిల్లలను సహాయక దళం పేరుతో మళ్లీ తీసుకుంది. 2019లో దంతెవాడలో దంతేశ్వరి ఫైటర్స్ అని మహిళా కమాండో దళం వచ్చింది. అందులో లొంగిపోయిన మాజీ మావోయిస్టు మహిళలు కూడా ఉన్నారు. పత్రికలు మహిళా సాధికారత అని ఫొటోలు వేశాయి. అటు మావోయిస్టులు కూడా పిల్లలను దళాల్లో, సంఘాల్లో వాడుకున్నారని 2008లో హ్యూమన్ రైట్స్ వాచ్ రెండు వైపులనూ తప్పుపట్టింది. అటు పోయినా ఇటు పోయినా తుపాకీ పట్టింది మన బిడ్డ, ఎదురుగా ఉన్నదీ మన బిడ్డే. వద్దనుకున్న వాళ్లు ఏం చేశారు? భద్రాచలం, చింతూరు, ములుగు అడవుల్లోకి వచ్చారు. ఈ రోజు మనం గుత్తికోయలు అని పిలిచే మన చుట్టాల్లో చాలామంది అలా "కాదు" అన్నవాళ్లే. ఆ ఒక్క మాటకు వాళ్లు ఊరు, పొలం, ఎస్టీ సర్టిఫికెట్ అన్నీ పోగొట్టుకున్నారు.

ఆడవాళ్ల సంగతి ఇంకొకటి ఉంది. ఏ యుద్ధంలోనైనా పిలుపు రాకుండానే మోసేది వాళ్లే. మగవాళ్లు పోతే పొలం వాళ్లది, ముసలివాళ్లు వాళ్లది, పసిపిల్లలు వాళ్లది. ఊళ్లోకి యూనిఫాం వస్తే ముందు భయపడేది వాళ్లే. 2007 ఆగస్టులో వాకపల్లి మహిళలు పదకొండుమంది పోలీసుల మీద అత్యాచార ఫిర్యాదు చేశారు. పదహారేళ్లు తిరిగితే 2023లో కేసు కొట్టేశారు. దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. ఈ అనుభవం ఉన్న సమాజాన్ని "మీ ఆడపిల్లలను యూనిఫాంలోకి నిర్బంధంగా పంపండి, అదే సమానత్వం" అంటే, మేం ముందు ఒక ప్రశ్న అడుగుతాం. ఆ యూనిఫాం మీద మా ఆడపిల్ల ఫిర్యాదు చేస్తే వినేది ఎవరు?

కాబట్టి నా అభిప్రాయం దాచకుండా చెప్తా. నిర్బంధ సేవ ఉంటే, చట్టం ఆడ మగ తేడా లేకుండానే ఉండాలి. ఆడవాళ్లు బలహీనులు అనే కారణంతో మినహాయించడం అవమానం. కానీ అలాంటి చట్టాన్ని ఒప్పుకోవడానికి ముందు మూడు షరతులు అడగాలి, ఆడవాళ్ల కోసమే కాదు, అందరి కోసం.

మొదటిది, భారం కన్నా ముందు మాట సమానం కావాలి. యుద్ధం చేయాలా వద్దా అని నిర్ణయించే చోట మహిళలు ఎంతమంది? 2023లో చట్టసభల్లో మూడో వంతు మహిళలకు అని చట్టం చేశారు, అమలుకు మాత్రం జనగణన, డీలిమిటేషన్ అయ్యేదాకా ఆగమన్నారు. నిర్ణయానికి ఆగమంటారు, భారానికి మాత్రం రమ్మంటే ఎలా?

రెండోది, కాదనే హక్కు. ఆయుధం పట్టనని మనస్సాక్షితో చెప్పినవాళ్లకు శిక్ష కాకుండా వేరే సేవ చూపించాలి. ఆస్పత్రి, బడి, అడవి మంటలు ఆర్పే పని, వరద సహాయం, ఏదైనా సరే. సేవకు గడువు ఉండాలి, ఎరిట్రియా లాగా సాగదీయకూడదు. ఆకలితో చేరినదాన్ని ఇష్టంతో చేరినట్టు రాసుకోకూడదు. ఊళ్లో చదువు, కూలి, భూమి ఉంటేనే ఇష్టం అనే మాటకు అర్థం ఉంటుంది.

మూడోది, యూనిఫాం లోపలి న్యాయం. తోటి సైనికుడి మీద, పై అధికారి మీద ఫిర్యాదు చేస్తే ఆ దళం కాకుండా బయటివాళ్లు విచారించే ఏర్పాటు. అది లేనిచోట ఆడపిల్లను నిర్బంధంగా పంపడం ఆమెను రెండు యుద్ధాల్లోకి పంపడమే.

ఈ మూడూ లేని చట్టం ఆడవాళ్లకు వద్దు, మగవాళ్లకూ వద్దు. మీ అన్నకు అన్యాయమైనది మీకు కూడా చేస్తే సమానత్వం రాదు, అన్యాయం రెట్టింపు అవుతుంది. ఇక్కడున్న తమ్ముళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నా, "మమ్మల్ని పిలుస్తారు, మిమ్మల్ని పిలవరు" అని అక్కచెల్లెళ్ల మీద గొడవ పడకండి. పిలిచేవాడిని అడగండి.

చివరగా చిన్న పని చెప్తా. వచ్చే గ్రామసభకు మీ ఊరి ఆడపిల్లలతో కలిసి పోండి. పీసా చట్టం 1996లో మన గ్రామసభకు మాట ఇచ్చింది. గని అయినా, రోడ్డు అయినా, క్యాంపు అయినా, ఊరి మీదికి ఏది వచ్చినా చేయెత్తి ఒప్పుకోవడం, చేయెత్తి కాదనడం అక్కడే నేర్చుకోవాలి. ఊరి సభలో "కాదు" అనడం నేర్చుకోని ఆడపిల్ల రేపు సైన్యం పిలుపు వచ్చినప్పుడు ఒక్కసారిగా ఎలా అంటుంది? అలాగే ఊరి సభలో "అవును, నేను పోతా" అని తన నోటితో చెప్పిన ఆడపిల్ల సైన్యంలోకి పోతే, ఆమెకు డప్పు కొట్టి, కొమ్ము ఊది సాగనంపుదాం. ఆ నిర్ణయం మాత్రం ఆమెదే కావాలి.

జోహార్ సమ్మక్క! జోహార్ సారలమ్మ! జై ఆదివాసీ!